ఏలీ యొద్ద సమూయేలు

వాక్యభాగములు: 1 సమూయేలు 3:1-18, అపొస్తలుల కార్యములు 23:12-22



మన గ్రామ మందిరములలో ఆదివారపు ఆరాధనకు జనులు కూర్చుండు తీరును ఒకమారు జ్ఞాపకము చేసికొనుడి. ఒక ప్రక్క చాపలమీద పురుషులు, మరియొక ప్రక్క స్త్రీలు, వేదిక యెదుట చిన్నపిల్లలు. పదమూడేండ్లు దాటి ఇరువది నిండని వారెక్కడ? వాకిటి యొద్దను, వెనుక గోడ నానుకొనియు, కొందరు చెప్పులు విడుచు చోటను నిలుచుందురు. కీబోర్డు వాయించువాడును మైకు సరిచేయువాడును మాత్రమే ముందుకు వత్తురు. ఆరాధన ముగిసిన పిమ్మట పెద్దలు వేపచెట్టు క్రింద పత్తి ధర మాటలాడుకొందురు. యౌవనులు మోటారు సైకిళ్ల యొద్ద గుంపు కూడుదురు. రెండు గుంపుల నడుమ పది గజముల దూరము కూడ ఉండదు. అయినను ఆ పది గజములు దాటి వచ్చినవారిని మేము అరుదుగా చూచుచున్నాము.

పెద్దల నడిగిన యెడల వారి ఫిర్యాదులు సిద్ధముగా నున్నవి. ప్రసంగ కాలమున ఫోను చూచుచున్నారు. డ్రమ్ముల మ్రోతలో పాట మాటలు వినబడుటలేదు. ఎదురుపడినను వందనము చేయుట మరచిరి. యౌవనుల నడిగినను వారి చేతులు ఖాళీగా లేవు. క్రిస్మసుకు నక్షత్రము కట్టుటకును, కుర్చీలు మోయుటకును, విందునాడు వడ్డించుటకును మేము కావలెను, కాని కమిటీ కూడినప్పుడు మా మాట ఎవరికిని అక్కరలేదందురు. పలుకరించిన ప్రతి పెద్దమనిషియు మొదట అడుగునది మార్కుల సంగతి, రెండవది మందిరమునకు ఏల రాలేదని. ఈ రెండు ఫిర్యాదులలోను నిజము కలదు. ఏది ఎక్కువ నిజమో తూచుటకు మేము కూర్చుండలేదు. అయితే ఆ పది గజములు మొదట దాటవలసినవారెవరని అడిగిన యెడల, పెద్దలే అని చెప్పుదుము. పెద్దలు ఒకప్పుడు యౌవనులుగా నుండిరి. యౌవనులు ఇంకను పెద్దలు కాలేదు. దారి రెండు కొనలు ఎరిగినవాడే ఎదురు పోవలెను గదా.

ఏలీయు సమూయేలును గూర్చిన చరిత్రను మనము సండేస్కూలులో బాలుర పాఠముగా నేర్పుచున్నాము. బాలుడైన సమూయేలు మోకరించి చేతులు జోడించిన బొమ్మ ఎన్నో ఇండ్ల గోడలమీద కలదు. కాని ఆ అధ్యాయమును నెమ్మదిగా చదివినవారికి అది ముసలివారి పాఠమని తెలియును.

సమూయేలు వయస్సును బైబిలు చెప్పదు. యూదుల చరిత్రకారుడైన జోసీఫసు మాత్రము అతనికి అప్పటికి పండ్రెండేండ్లు నిండెనని వ్రాసెను. ఏలీ చనిపోవునాటికి తొంబది యెనిమిదేండ్లవాడని తరువాతి అధ్యాయములో నున్నది. కాబట్టి వారిద్దరి నడుమ దూరము తండ్రి కొడుకుల దూరము కాదు, తాత మనుమల దూరము కంటెను ఎక్కువే. ఏలీ మచ్చలేని పెద్దయు కాడు. హన్నా మనోదుఃఖముతో పెదవులు మాత్రము కదలించి ప్రార్థించుచుండగా ఆమె త్రాగియున్నదని తలంచి మందలించినవాడు అతడే. తన కుమారులైన హొఫ్నీ ఫీనెహాసులను అదుపులో పెట్టలేకపోయినవాడు అతడే. అట్టివాని చేతనే దేవుడు ఒక బాలునికి మేలు చేయించెను. “మా ఇంటి పిల్లలే మా మాట వినరు, ఊరివారి పిల్లలకు మేమేమి చెప్పగలము?” అని వెనుదీయు పెద్దలు మనలో అనేకులు. ఏలీ చరిత్ర ముఖ్యముగా వారి నిమిత్తమే వ్రాయబడెనని మాకు తోచుచున్నది.

ఆ రాత్రి జరిగినది చూడుడి. తనను ఎవరో పిలిచినట్లు విని బాలుడు వృద్ధుని యొద్దకు పరుగెత్తెను. ఒకమారు కాదు, మూడుమారులు. పిలిచినప్పుడు పరుగెత్తుకొని వచ్చు అలవాటు ఒక్క రాత్రిలో కలుగదు. పూర్వము వచ్చినప్పుడెల్ల ఆదరముగా మాటలాడిన ముసలివాని యొద్దకే పిల్లవాడు చీకటిలో పరుగెత్తును. ముమ్మారు నిద్ర చెరచినను ఏలీ కసరలేదు. “నా కుమారుడా” అను పిలుపు అతని నోట నున్నది. మొదటి రెండు మారులు అతనికే సంగతి తెలియలేదు, పోయి పండుకొమ్మనెను. మూడవమారు గాని, బాలుని పిలుచువాడు దేవుడని అతడు గ్రహింపలేదు. పెద్దలు వెంటనే గ్రహింపకపోవుట పాపము కాదు. మూడవమారు వచ్చువరకు తలుపు మూయకుండుటయే వారి పని.

స్వరము వచ్చినది బాలునికి. అది ఎవరి స్వరమో తెలిసినది వృద్ధునికి. ఏలీ లేనియెడల సమూయేలు తెల్లవారువరకు ఇటు నటు పరుగెత్తుచునే యుండును. సమూయేలు లేనియెడల ఆ రాత్రి షిలోహులో ఎవనికిని వాక్కు వచ్చియుండదు. మన సంఘములలో ఏలీలు ఒక గదిలోను సమూయేలులు ఒక గదిలోను కూడుకొనుచున్నారు. స్త్రీల సమాజము వేరు, పురుషుల కూటము వేరు, యూత్ మీటింగు వేరు. వీటిని తీసివేయుమని మేము చెప్పము. క్రిస్టియన్ ఎండీవరు అను యౌవనుల సమాజము 1881లో అమెరికాలో ఒక సంఘ కాపరి ఇంట మొదలై లోకమంతట వ్యాపించి ఎందరినో నిలువబెట్టెను. అయితే వయస్సు ప్రకారము వేరు చేసిన కూటములు మాత్రమే మిగిలి, అందరు కలిసికొను చోటు లేకుండ పోయిన యెడల, యౌవనుడు తన యీడువారిని మాత్రమే ఎరిగిన యెడల, అతడు పెండ్లియై ఆ కూటము విడిచిననాడు సంఘమును కూడ విడిచిపోవును. ఇట్లు పోయినవారిని మీరును ఎరుగుదురు. రెహబాము పెద్దల ఆలోచన త్రోసివేసి తనతోకూడ పెరిగినవారి మాట మాత్రమే వినినప్పుడు రాజ్యము రెండు ముక్కలైన సంగతి 1 రాజులు 12వ అధ్యాయములో చదువుకొనవచ్చును.

ఇంకను అధ్యాయము ముగియలేదు. బొమ్మలలో ఎవరును వేయని భాగము మిగిలియున్నది. తెల్లవారెను. బాలుడు మందిరపు తలుపులు తీసెను, గాని చెప్పుటకు భయపడెను. అతనికి వచ్చిన వాక్కు ఏలీ ఇంటిమీది తీర్పు. అన్నము పెట్టి పెంచిన ముసలివాని ముఖము చూచి ఆ మాట ఎట్లు చెప్పును? అప్పుడు ఏలీ తానే అతని పిలిచి, ఒక్కమాటయు దాచవద్దని బలవంతము చేసెను. వినెను. కొట్టలేదు, “నిన్నగాక మొన్న వచ్చిన పిల్లవాడవు, నాకు చెప్పుదువా” అనలేదు. ఇది యెహోవా చిత్తమని లోబడెను. పిల్లలు మన మాట వినవలెనని మనము పది ప్రసంగములు చేసితిమి. పిల్లల నోటినుండి మనమీదనే వచ్చు కఠినమైన మాటను అడిగి తెలిసికొన్న పెద్దలెందరు? కానుకల లెక్క ఏల చదివి వినిపింపరని ఒక యౌవనుడు అడిగినప్పుడు, రెండు కులముల వారికి సమాధి స్థలములో ఇంకను రెండు వరుసలేలని ఒక బాలిక అడిగినప్పుడు, అది తలబిరుసు మాట అని కొట్టివేయుదుమా, లేక తెల్లవారి తలుపులు తీసిన సమూయేలు మాట అని విందుమా?

వినుట అనునది ఎట్టిదో చూపుటకు అపొస్తలుల కార్యములలో ఒక చిన్న సంగతి కలదు. పౌలును చంపువరకు అన్నపానములు ముట్టమని నలువదిమందికి పైగా ఒట్టు పెట్టుకొనిరి. పౌలు సహోదరి కుమారుడు ఆ కుట్ర విని కోటలోనికి వచ్చి మేనమామతో చెప్పెను. అతని పేరైనను మనకు తెలియదు. పౌలు అతనిని సహస్రాధిపతి యొద్దకు పంపెను. ఆ సహస్రాధిపతి రోమా సైన్యమందు వెయ్యిమందిపై అధికారి. అతడు క్రైస్తవుడు కాడు. అతడు చేసినది గమనింపుడి. చిన్నవాని చెయ్యి పట్టుకొనెను. ప్రక్కకు తీసికొనిపోయెను. చెప్పవలసినదేమని ఏకాంతముగా అడిగెను. చెప్పినది నమ్మెను. ఆ రాత్రియే రెండువందల సైనికులను, డెబ్బదిమంది గుఱ్ఱపు రౌతులను, రెండువందల ఈటెలవారిని తోడుగా ఇచ్చి పౌలును కైసరయకు పంపెను. ఒక పిల్లవాని మాట విని నాలుగువందల డెబ్బదిమందిని కదిలించిన అధికారి అతడు. విగ్రహములకు మ్రొక్కు రోమీయుడు చేసినంత మన సంఘ పెద్దలు చేయుదురా అని అడుగుట కొందరికి కష్టముగా నుండును, అయినను అడుగుచున్నాము.

మన ప్రాంతపు సంగతి కొంత చెప్పుదుము. హనుమకొండలో అమెరికను బాప్తిస్టు మిషను పని 1879లో మొదలాయెను. డోర్నకలుకు 1909లో వి. యస్. అజరయ్యగారు వచ్చిరి. వారు తమిళులు, తిరునల్వేలి సీమవారు. అక్కడి భారతీయ క్రైస్తవులే కూడి 1903లో స్థాపించిన మిషనరీ సంఘము వారిని మన తెలుగువారి యొద్దకు పంపెను. మరుసటి యేట, అనగా 1910లో, స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ కూడెను. సుమారు 1200 మంది ప్రతినిధులలో మన దేశమువారు బహు కొద్దిమంది. అజరయ్యగారికి అప్పటికి ముప్పదియైదేండ్లు. వారు ఆ పెద్దలందరి యెదుట నిలువబడి, మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత తెలిపి, దానము ఉపదేశము మాత్రమే చాలవనియు, తమతో బల్లయొద్ద కూర్చుండు స్నేహితులు కావలెననియు అడిగిరి. ఆ మాటకు కొందరు నొచ్చుకొనిరి. అయినను 1912 డిశంబరు 29న కలకత్తాలో వారికి బిషప్పు అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. వారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించువరకు డోర్నకలునే కాచిరి. ఆనాడు ఉమ్మడి వరంగల్లు జిల్లాలో నుండిన ఆ ఊరు 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో నున్నది.

ఈ చరిత్రను ఏల చెప్పితిమనగా, ఎడిన్‌బరోలో అజరయ్యగారు మిషనరీ పెద్దలను అడిగినదానినే నేడు మన యౌవనులు మనలను అడుగుచున్నారు. నోట అడుగుట వారికి రాదు, అంతే. వారికొరకు డ్రమ్ములు కొంటిమి, వి.బి.యస్. పెట్టితిమి, బహుమానములు పంచితిమి. స్నేహము ఇచ్చితిమా?

మన తాతల కాలమున ఈ కొరత ఇంతగా లేదు. ఆనాడు పేటకు పేట, కుటుంబములకు కుటుంబములు కలిసి బాప్తిస్మము పొందిరి. పొలములో కూలిపని ముగించి వచ్చిన పిమ్మట లాంతరు వెలుగున పంతులుగారి బడి. తండ్రియు కొడుకును ఒకే చాపమీద కూర్చుండి పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను కంఠస్థము చేసిరి. అక్షరము రాని తల్లికి బడికి పోయిన కొడుకు సువార్త చదివి వినిపించెను. చదువు వచ్చిన కొడుకుకు అక్షరము రాని తల్లి ఉపవాసముండి ప్రార్థించుట నేర్పెను. ఇచ్చుట ఇరువైపుల నుండి జరిగెను. ఆ కాలమంతయు బంగారము అని మేము చెప్పము. ఆకలియు వెట్టిచాకిరియు కూడ ఆ కాలమువే. కాని ఒకే చాప యున్నది.

ఇప్పుడు పిల్లలు పదవ తరగతికే గురుకులములలో నుందురు, ఇంటరుకు హనుమకొండ హాస్టళ్లలో, తరువాత హైదరాబాదులో. ఇంటికి వచ్చినవారు చుట్టములవలె రెండు దినములుండి పోవుదురు. ఇది మారదు, చదువు మానుమని చెప్పు మూర్ఖత మాకు లేదు. కాబట్టి ఆ రెండు దినములలో, వారు ఊరిలో నున్న నాలుగు ఆదివారములలో, ఏమి చేయుచున్నామన్నదే ప్రశ్న.

ఇది ప్రాణము మీది సంగతి గనుక కొంచెము గట్టిగా చెప్పుచున్నాము. 2019 ఏప్రిలులో మన రాష్ట్రమున ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడెను. ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. మార్కులు వేయుటలో తప్పులు దొర్లినవని రాష్ట్రమంతట ఆందోళన కలిగెను. తెలుగులో సున్న వచ్చినదన్న ఒక బాలికకు తిరిగి చూచినప్పుడు తొంబదితొమ్మిది తేలెను. ఒక పిల్లవాడు అట్టి దినమున ఎందుకు విరుగునో ఒక్క కారణము చెప్పుట న్యాయము కాదు. మేము అడుగునది వేరు. మన సంఘములోని ప్రతి బాలునికి, ప్రతి బాలికకు, అట్టి రాత్రి తల్లిదండ్రుల ముఖము చూచుటకు భయపడినప్పుడు, తలుపు తట్టుటకు మరియొక ఇల్లు కలదా? ఏలీ మంచమువంటిది ఒకటి? తప్పినానని చెప్పినను “రా బిడ్డా, కూసో” అను ఒక అవ్వ, ఒక కాక కలరా? మీ సంఘపు పేర్ల పట్టిక తీసి, ఒక్కొక్క పిల్ల పేరునకెదురుగా అట్టి పెద్దవాని పేరు వ్రాయ ప్రయత్నింపుడి. ఖాళీగా మిగిలిన గడులు ఎన్నియో చూడుడి.

ఆ గడులు నిండుటకు గొప్ప పథకములు అక్కరలేదు. పాట విషయమే తీసికొనుడి. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో గతించిరి; వారి కీర్తనల రాగములు మన ముసలివారి గొంతులలో నున్నవి, వారితోనే సమాధికి పోవుచున్నవి. పుస్తకములో మాటలు మిగులును గాని వరుస మిగులదు. కీబోర్డు వాయించు యౌవనుని ఒక సాయంకాలము అట్టి తాతగారి ఇంటికి పంపుడి. తాతగారు పాడవలెను, అతడు ఫోనులో పట్టుకొనవలెను. రెండవ వారము ఆదే ఫోనులో తాతగారికి వాక్యము చదివి వినిపించు ఏర్పాటు అతడు చేసిపెట్టును. చూపు మందగించినవానికి అది ఎంత ఆదరణ! డ్రమ్ముల తగవు అంతటితో తీరిపోవునని మేము పందెము వేయము. తగవులాడువారికి ఒకరి ఇంటి టీ మరియొకరు త్రాగిన అనుభవముండును, అది చాలును.

ఆడపిల్లలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. వారిని పలుకరించువారు ఇంకను తక్కువ. వృద్ధ స్త్రీలు యౌవన స్త్రీలకు నేర్పవలెనని పౌలు తీతుకు వ్రాసిన దానిని మనము చీర కట్టు మీది ఉపదేశముగా కుదించితిమి. పదునెనిమిదేండ్లు నిండకమునుపే ఒక పిల్ల చదువు మాన్పించి సంబంధము చూచుచున్నప్పుడు, ఆ తండ్రి యెదుట కూర్చుండి “ఆగు కొడుకా, దాన్ని సదువుకోనియ్యి” అనగలది సంఘములోని పెద్దమ్మయే. కాపరి చెప్పినదానికంటె ఆమె మాట లోనికి పోవును. మేము చూచినాము.

ఇంకొక మాట, మరువకూడనిది. పెద్దలు పిల్లలతో చేయు స్నేహము వెలుగులో నుండవలెను: మందిర ఆవరణమందు, ఇంటి అరుగుమీద, నలుగురి కన్నుల యెదుట, తల్లిదండ్రులకు తెలిసి. రహస్యముగా నుంచుమని పిల్లను అడుగు పెద్ద ఎవడైనను, ఎంత భక్తిపరుడుగా కనబడినను, వానిని సంఘము ఆపవలెను, చట్టమునకు అప్పగింపవలెను. పిల్ల వచ్చి అట్టి సంగతి చెప్పిన యెడల, సహస్రాధిపతి వలె నమ్మి ఆ రాత్రియే కదలవలెను. సంఘము పరువు అని కప్పిపుచ్చుట ఏలీ తన కుమారుల విషయమందు చేసిన పాపమే.

పడిపోయినవారి సంగతి యేమి? మార్కు పంఫూలియలో పనిని విడిచి ఇంటికి పోయినవాడు. పౌలు అతనిని మరల తీసికొనిపోనొల్లకుండెను; ఆ విషయమై బర్నబాతో తగవు పడి విడిపోయెను. బర్నబా ఆ యౌవనుని వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కెను. పౌలు చెప్పినది న్యాయమే, పనిలో నిలువనివానిని ఎవరు నమ్ముదురు? కాని కడవరి దినములలో చెరసాలనుండి వ్రాయుచు పౌలే మార్కును తోడుకొని రమ్మని తిమోతిని కోరెను. నడుమ గడచిన సంవత్సరములలో ఆ కుఱ్ఱవానిని ఎవరో ఒకరు విడువకుండ పట్టుకొనిరి. త్రాగుడు మరిగిన వానిని, చదువు విడిచిన వానిని, వేరు దారిన ప్రేమించి పెండ్లాడిన దానిని మనము పేర్ల పట్టికనుండి కొట్టివేయుట సులభము. ఓడ ఎక్కువారు కావలెను.

పరీక్షలు వచ్చుచున్నవి, వాటి వెనుక ఫలితములు వచ్చును. అంతకు ముందే ప్రతి సంఘములో పెద్దలు కూడి, ఈ యేడు పదియు ఇంటరును వ్రాయు పిల్లల పేర్లు చదివి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్దను ఏర్పరచవలెనని కోరుచున్నాము. ఆ పెద్ద తల్లిదండ్రులతో చెప్పి, పరీక్షలకు ముందు ఒకమారు ఇంటికి పోయి ప్రార్థించవలెను. హాస్టలులో నున్నవారికి ఫోను చేయవలెను. ఫలితములు వచ్చిన దినమున పిలువకయే పోవలెను. మార్కులు అడుగవద్దు. అన్నము తిన్నావా అని అడుగుడి. పిల్ల మౌనముగా నుండి, బ్రదుకు మీద విరక్తి మాటలు చెప్పిన యెడల ప్రార్థన చేసి వచ్చివేయక తోడుగా ఉండుడి, ఆసుపత్రికి తోడు పోవుడి. టెలిమానస్ అని ప్రభుత్వమువారు 2022లో పెట్టిన సహాయపు ఫోను కలదు. దాని సంఖ్య 14416. పగలును రాత్రియు తెలుగులో మాటలాడుదురు, ఖర్చు లేదు. ఆ సంఖ్యను మందిరపు గోడమీద, కానుక పెట్టె ప్రక్కన, వాకిటి యొద్ద నిలుచుండువారికి కనబడునట్లు వ్రాయించుడి.